జీపీఎస్ స్పూఫింగ్: గంజాం తీరంలో బోటు వాళ్లు, లారీ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో నేను బోట్ల జీపీఎస్ సెట్లు, ఫిష్ ఫైండర్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాను. గోపాల్‌పూర్, సోనాపూర్, మార్కండి, రామయ్యపట్నం వైపు నుంచి సెట్లు పట్టుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర జీపీఎస్ స్పూఫింగ్ జరిగిందని వార్తలు వచ్చినప్పటి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ దాని గురించే అడుగుతున్నారు. సెట్టు విప్పుతూ నోటితో చెప్పినవన్నీ ఇక్కడ రాసి పెట్టాను. చదువు రానివాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించినా అర్థమయ్యేలా రాయాలని చూశాను.

స్పూఫింగ్ అంటే ఏమిటి? జామింగ్ అన్నా అదేనా?

రెండూ వేరు. జామింగ్ అంటే గోల. ఉపగ్రహం మాట వినపడకుండా అదే ఫ్రీక్వెన్సీలో రొద పెట్టడం. అప్పుడు సెట్టు "సిగ్నల్ లేదు" అంటుంది. మీకు కోపం వస్తుంది కానీ మోసపోరు. స్పూఫింగ్ అలా కాదు. ఉపగ్రహం పంపినట్టే ఉండే దొంగ సిగ్నల్ పంపుతారు, సెట్టు దాన్నే నమ్ముతుంది. తెర మీద అన్నీ మామూలుగానే ఉంటాయి, పొజిషన్ మాత్రం అబద్ధం. అందుకే నాకు జామింగ్ కంటే స్పూఫింగ్ అంటేనే ఎక్కువ భయం.

ఇంకొకటి ఉంది. అసలు సిగ్నల్‌నే పట్టి, కొంచెం ఆలస్యంగా మళ్లీ వదలడం. కొత్తగా ఏమీ తయారు చేయనక్కర్లేదు కాబట్టి ఇది సులువు. ఆపడం మాత్రం కష్టం.

ఆకాశంలో ఉన్న ఉపగ్రహాన్ని నేల మీది మనిషి ఎలా మించగలడు?

ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో చూడండి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అవి పంపే శక్తి కొన్ని పదుల వాట్లే. అంత దూరం దిగి వచ్చేసరికి మన యాంటెన్నాకు అందేది చాలా బలహీనం, చుట్టూ ఉండే రేడియో రొద కంటే కూడా తక్కువ. సెట్టుకు ఆ సిగ్నల్ వరస ముందే తెలుసు కాబట్టి రొదలోంచి ఏరుకుంటుంది. దగ్గర్లో ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ దానికంటే గట్టిగా వినపడడంలో వింత లేదు.

రెండో కారణం, మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌కు తాళం లేదు. 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఆ కోడ్ ఎలా ఉంటుందో అమెరికా ప్రభుత్వమే అందరికీ ప్రకటించింది. అలా ప్రకటించారు కాబట్టే ప్రపంచమంతా చవగ్గా సెట్లు తయారయ్యాయి, మన ఫైబర్ బోటు దాకా వచ్చాయి. కాకపోతే తయారుచేసేవాడికి తెలిసింది దొంగకూ తెలుసు. సైన్యం వాడే సిగ్నల్ వేరు, దానికి రహస్య కోడ్ ఉంటుంది.

సెట్టు ఎలా మోసపోతుంది? ఒక్కసారిగా పొజిషన్ మారితే మాకు తెలిసిపోదా?

ముందు సెట్టు పొజిషన్ ఎలా లెక్కకడుతుందో చెప్పాలి. ప్రతి ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత" అని అది చెబుతూనే ఉంటుంది. ఆ మాట మన దగ్గరికి రావడానికి పట్టిన టైమ్‌ను బట్టి సెట్టు దూరం లెక్కకడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మీ చోటు తేలుతుంది. రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పినట్టే. దొంగ చేసేది ఈ టైమ్‌తో ఆడుకోవడమే.

చాతకాని దొంగ ఒక్కసారిగా గట్టి సిగ్నల్ వదులుతాడు. పొజిషన్ ఎగిరి ఎక్కడో పడుతుంది, ఎవరికైనా అనుమానం వస్తుంది. చేయి తిరిగినవాడు అలా చేయడు. ఒడ్డు మీద చేపల వేలం పాట తలుచుకోండి. పాడేవాడి గొంతు మీకు బాగా తెలుసు. వాడి పక్కన ఒకడు నిలబడి, అచ్చం వాడి గొంతుతో, వాడు ఏ అంకె అంటే అదే అంకె, అదే క్షణంలో అంటున్నాడనుకోండి. ఇద్దరు పాడుతున్నారని మీకు తెలియదు. వీడు మెల్లగా గొంతు పెంచుతాడు. అసలువాడి మాట వీడి మాట వెనక పడిపోతుంది. అప్పుడు అంకె మారుస్తాడు, అదీ ఒక్కో రూపాయి చొప్పున. స్పూఫింగ్‌లో జరిగేది ఇదే. దొంగ సిగ్నల్ ముందు అసలు సిగ్నల్‌తో కలిసి నడుస్తుంది, తర్వాత బలం పెంచుకుంటుంది, ఆ తర్వాత సెట్టును మీటరు మీటరుగా పక్కకు లాక్కెళ్తుంది. పొజిషన్ ఎక్కడా ఎగరదు, అలారం మోగదు.

ఇది నిజంగా ఎవరైనా చేశారా? లేక భయపెట్టడానికి చెప్పే మాటా?

చేసి చూపించారు. 2013లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ టాడ్ హంఫ్రీస్ బృందం, ఓనరు అనుమతి తీసుకుని, మధ్యధరా సముద్రంలో 65 మీటర్ల పొడవున్న ఒక విలాస నౌకను ఇలాగే దారి తప్పించింది. నౌక పేరు వైట్ రోజ్ ఆఫ్ డ్రాక్స్. దొంగ సిగ్నల్ తగలగానే నౌక పక్కకు జరిగిపోయిందని తెర మీద కనిపించింది. సిబ్బంది దాన్ని సరిచేయడానికి నౌకను తిప్పారు. అలా తిప్పడం వల్లే అది నిజంగా దారి తప్పింది. తెర మీద గీత తిన్నగా ఉంది, నీళ్ల మీద నురగ గీత మాత్రం వంగింది. నేను బోటు కుర్రాళ్లకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే. ఎప్పుడైనా ఒకసారి వెనక్కి తిరిగి మీ నురగ చూసుకోండి.

అనుమతి లేకుండా జరిగినవీ ఉన్నాయి. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో, రష్యా రేవు నోవొరొసిస్క్ దగ్గర, ఇరవై దాకా ఓడలు తాము ఒక విమానాశ్రయంలో ఉన్నట్టు తెర మీద చూశాయి. 2023 తర్వాత ఇరాక్, ఇరాన్ వైపు ఎగిరే విమానాలకు, యుద్ధం జరుగుతున్న చోట్ల ఓడలకు ఇది మామూలైపోయింది.

మన దేశంలో?

సరిహద్దుల్లో ఎక్కువ. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు విమానాలకు 465 సార్లు జీపీఎస్ అంతరాయం, స్పూఫింగ్ ఎదురయ్యాయని, అందులో ఎక్కువ అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లోనేనని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఢిల్లీ సంగతి 2025 డిసెంబరు 1న రాజ్యసభలో ఒప్పుకున్నారు. ఆ జవాబు ఇచ్చిన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మన పక్క జిల్లా శ్రీకాకుళం ఎంపీయే. పదో నంబరు రన్‌వే మీదికి జీపీఎస్ ఆధారంగా దిగుతున్న విమానాలకు అలా జరిగిందని, నేల మీది పాత పద్ధతి పరికరాలు ఉన్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది రాలేదని ఆ జవాబులో ఉంది.

ఆ రెండో ముక్క చాలామంది పట్టించుకోలేదు. విమానాలను కాపాడింది కొత్త యంత్రం కాదు, తీసేయకుండా ఉంచిన పాత యంత్రాలు. మన బోట్లలో దిక్సూచి ఎందుకు ఉండాలంటే నేను చెప్పేది కూడా ఇదే.

మా గంజాం తీరంలో స్పూఫింగ్ ఉందా?

ఇన్నేళ్లలో నా బల్ల మీదికి వచ్చిన సెట్లలో స్పూఫింగ్ అని తేలింది ఒక్కటీ లేదు. "ఎవరో మా జీపీఎస్‌ను తిప్పేస్తున్నారు" అని వచ్చినవాళ్లు మాత్రం చాలామంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, పొజిషన్ నిజంగానే తప్పింది. కారణమే వేరు.

ఒక సంగతి చెబుతాను. ఋషికుల్య నది అవతలి ఊరి నుంచి ఒక పెద్దాయన రెండు సెట్లు సంచిలో వేసుకుని వచ్చాడు. "బాబూ, ఇది దొంగ సిగ్నలే. పాయింటు దగ్గర వల వేస్తే అక్కడ రాయీ లేదు, చేపా లేదు. డీజిల్ అంతా వృథా" అన్నాడు. "మావయ్యా, పాయింటు ఎవరు ఎక్కించారు?" అని అడిగాను. పాయింటు అంటే సెట్టులో దాచుకునే వేట చోటు. మనవడు ఫోన్‌లో చూసి ఎక్కించాడట. ఫోన్‌లో ఉన్నది 19.18, 85.05. అది డిగ్రీలు, దశాంశాల లెక్క. సెట్టు డిగ్రీలు, నిమిషాల్లో ఉంది. కుర్రాడు 19 డిగ్రీల 18 నిమిషాలు, 85 డిగ్రీల 5 నిమిషాలు అని కొట్టాడు. నిజానికి కొట్టాల్సింది 19 డిగ్రీల 10.8 నిమిషాలు, 85 డిగ్రీల 3 నిమిషాలు. దశాంశాన్ని 60తో గుణిస్తే నిమిషాలు వస్తాయి, అంతే తేడా. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. లెక్క వేసి చూస్తే బోటు దాదాపు 14 కిలోమీటర్లు పక్కకు పోయింది. ఆయన కాగితం మీద ఆ లెక్క రెండుసార్లు వేయించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇది చిన్న తప్పు అనుకోకండి. నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య ముఖద్వారం దగ్గర 20 కిలోమీటర్ల లోపల ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం వేట నిషేధం. గస్తీవాళ్లు పట్టుకుంటే బోటు పోతుంది. హద్దులోకి వెళ్లిపోవడానికి 14 కిలోమీటర్ల తప్పు చాలు.

స్పూఫింగ్ కాకపోతే ఇంకేం కారణాలు ఉంటాయి?

నాకు ఎక్కువగా కనిపించేది యాంటెన్నా వైరు. ఉప్పు గాలికి కనెక్టరు లోపలి ఇత్తడికి పచ్చటి చిలుము పడుతుంది. గోరుతో గీకితే పొడిలా రాలుతుంది. పైకి మాత్రం వైరు బాగానే ఉంటుంది, సెట్టు ఒక పూట పనిచేసి ఒక పూట మానేస్తుంది. కనెక్టరు మార్చి, పైన రబ్బరు టేపు బిగించి చుడితే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

రెండోది చవక ఎల్ఈడీ లైట్లు, బ్యాటరీకి తగిలించే మొబైల్ చార్జర్లు. వాటి లోపలి సర్క్యూట్ రేడియో రొద పుట్టిస్తుంది. 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ కూడా ఎల్ఈడీ లైట్ల వల్ల ఓడల రేడియోలు దెబ్బతింటున్నాయని హెచ్చరించింది. లైట్లు, చార్జర్లు ఒక్కోటి ఆపి చూడండి. సిగ్నల్ పెరిగితే దొంగ మీ బోటులోనే ఉన్నట్టు.

మూడోది ఆకాశం. సూర్యాస్తమయం తర్వాత కొన్ని గంటలు, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనలాంటి చోట్ల పైవాతావరణంలో అలజడి లేచి సిగ్నల్ వణుకుతుంది. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో ఇది ఇంకా పెరుగుతుంది. రాత్రి వేటకు వెళ్లేవాళ్లు "సాయంత్రం అయ్యేసరికి సెట్టుకు పిచ్చెక్కుతుంది" అనేది దీని గురించే.

తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి చూపించే పాత సెట్లూ వస్తుంటాయి. జీపీఎస్ వారాల లెక్క 1,024కు చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్ 6న అలా జరిగింది. సాఫ్ట్‌వేర్ పాతదైతే తేదీ తప్పుతుంది, చాలా సెట్లలో పొజిషన్‌కు ఢోకా ఉండదు.

భూమి సర్వే చేసేవాళ్లకు ఒక మాట. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపులు ఎవరెస్ట్ డేటమ్ అనే పాత కొలత ఆధారం మీద ఉంటాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ఆధారం మీద ఉంటుంది. మార్చకుండా ఒకదాని మీద ఒకటి పెడితే గట్టు పక్కవాడి పొలంలోకి పోతుంది.

మరి నిజంగా స్పూఫింగ్ అయితే ఎలా గుర్తుపట్టాలి?

సెట్టులో ఉపగ్రహాల పేజీ తెరవండి. మామూలు ఆకాశంలో నిలువు గీతలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి పొడుగు గీత, అంచున ఉన్నదానికి పొట్టి గీత. దొంగ సిగ్నల్ అంతా ఒకే యాంటెన్నా నుంచి వస్తుంది కాబట్టి గీతలన్నీ ఒకే ఎత్తులో, మామూలు కంటే పొడుగ్గా ఉండొచ్చు. రోజూ ఆ పేజీ చూడడం అలవాటుంటేనే తేడా తెలుస్తుంది.

గడియారం చూడండి. సెట్టు టైమ్‌కు, మీ చేతి గడియారానికి ఉన్నట్టుండి నిమిషాల తేడా వస్తే అనుమానించాలి. వేగం చూడండి. ఇంజను అదే చప్పుడు చేస్తుంటే సెట్టు 40 నాట్లు (గంటకు 40 నాటికల్ మైళ్లు) అంటే నమ్మకండి. పక్క బోటును వైర్‌లెస్‌లో అడగండి. ఇద్దరికీ ఒకే పొజిషన్ వస్తే, ఇద్దరి మధ్య అరమైలు నీళ్లు కనిపిస్తుంటే, అది దాదాపు స్పూఫింగే. ఒకే దొంగ సిగ్నల్ విన్న సెట్లన్నీ ఒకే చోటు చూపిస్తాయి. నల్ల సముద్రంలో ఓడలన్నీ ఒకే విమానాశ్రయంలో కనబడింది ఇందుకే.

సముద్రం మీద ఉండగా అనుమానం వస్తే ఏం చేయాలి?

ముందు ఇంజను తగ్గించండి. చివరిసారి నమ్మకంగా తెలిసిన పొజిషన్, టైమ్ కాగితం మీద రాయండి. దిక్సూచి చూసి పడమర-వాయవ్యం వైపు తిప్పండి. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది, ఆ దిక్కున పోతే నేల తగలక మానదు. ఈ తీరంలో దిక్సూచి చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి ఒక డిగ్రీ తేడా కూడా ఉండదు. అంటే లెక్కలేవీ అక్కర్లేదు, సూదిని నమ్మొచ్చు. కాకపోతే దాని పక్కన స్పీకరు, ఇనుప సామాను పెట్టకండి.

లోతు చూడండి. ఫిష్ ఫైండర్‌కు ఉపగ్రహంతో పని లేదు, అది నీళ్లలోకి శబ్దం పంపి లోతు చెబుతుంది. జీపీఎస్ మీరు పాతిక బారల నీళ్లలో ఉన్నారంటూ, కింద ఎనిమిది బారలే ఉంటే జీపీఎస్‌ది తప్పు. ఫిష్ ఫైండర్ లేకపోతే తాడుకు సీసపు గుండు కట్టి దింపండి, తాతలు చేసినట్టే. తెల్లవారితే మహేంద్రగిరి ఉంది. 1,501 మీటర్ల కొండ, ఆకాశం తేటగా ఉంటే సముద్రం మీంచి కనిపిస్తుంది. రాత్రయితే గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ఉంది. ఒడ్డు మీది గుడిని, వెనకనున్న కొండ శిఖరాన్ని ఒకే గీతలోకి తెచ్చి చోటు గుర్తుపట్టే విద్య మన ముసలివాళ్లకు ఇంకా వచ్చు. వాళ్లు ఉండగానే కుర్రాళ్లు నేర్చుకోవాలని నా కోరిక.

ప్రమాదం అనిపిస్తే వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టులో 16వ ఛానల్‌లో పిలవండి. సిగ్నల్ ఉంటే ఫోన్‌లో కోస్ట్ గార్డ్‌కు 1554, కోస్తా భద్రత పోలీసులకు 1093.

సర్కారు ఇచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంటే స్పూఫింగ్ నుంచి కాపాడుతుందా?

దాని పని వేరు. లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధానమంత్రి మొదలుపెట్టారు. ఇస్రో పరిజ్ఞానం అది. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా మీ కబురు ఒడ్డుకు, తుపాను హెచ్చరిక మీకు చేరుతుంది. తప్పకుండా పెట్టించుకోండి. కానీ దాన్ని చూసి దిక్సూచి తీసేయకండి.

మన నావిక్ వాడితే ఈ బాధ ఉండదంటారు, నిజమా?

సగం నిజం. నావిక్ జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ, మన మీద, చుట్టూ 1,500 కిలోమీటర్ల దాకా పనిచేసేలా తయారుచేశారు. ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తుంది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహం నుంచి మామూలు జీపీఎస్ వాడే ఎల్1 బ్యాండు కూడా చేరింది, మన దేశంలో తయారైన అణు గడియారం కూడా. జీపీఎస్‌ను మాత్రమే తప్పుదారి పట్టించే దొంగ నావిక్‌ను వదిలేస్తే, రెండూ వినే సెట్టుకు తేడా తెలిసే అవకాశం ఉంది. రెండు మూడు వ్యవస్థలు, రెండు ఫ్రీక్వెన్సీలు వినే సెట్టు కొనమని నేను చెప్పేది అందుకే. ఒక్క నావిక్ మాత్రమే ఉంటే స్పూఫింగ్ అసాధ్యం అనుకోవడం మాత్రం తప్పు.

ఈ విషయంలో ముందున్నది జీపీఎస్ లాంటిదే అయిన యూరప్ వాళ్ల వ్యవస్థ గెలీలియో. తమ సందేశం మీద సంతకం లాంటిది పెట్టి, అది అసలైనదో కాదో సెట్టు సరిచూసుకునే సేవను 2025 జులై 24న ఉచితంగా మొదలుపెట్టారు. దాన్ని సరిచూసే సాఫ్ట్‌వేర్ సెట్టులో ఉండాలి. అసలు సిగ్నల్‌నే పట్టి ఆలస్యంగా వదిలే మోసాన్ని అది పూర్తిగా ఆపలేదు. అయినా జనానికి అందిన మొదటి గట్టి తాళం అదే.

ఫోన్‌లో ఫేక్ లొకేషన్ యాప్ పెడితే అదీ స్పూఫింగేనా?

పేరు అదే, పని వేరు. ఆ యాప్ గాలిలోకి ఏ సిగ్నలూ పంపదు. మీ ఫోన్‌కు మాత్రమే అబద్ధం చెబుతుంది, పక్కవాడికి ఏమీ కాదు. హాజరు కోసమో, ఫోటోలో చోటు మార్చడానికో వాడతారు. ఉద్యోగం పోగొట్టుకోవడానికి అది చాలు. అదే ఫోన్‌తో రాత్రి సముద్రం మీదికి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లోని డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ లొకేషన్ (దొంగ లొకేషన్) యాప్ ఏదైనా ఎంచుకుని ఉందేమో చూసి తీసేయండి.

లారీలో ట్రాకర్‌ను ఆపే చిన్న పరికరం దొరుకుతుందట. ఓనరు టార్చర్ భరించలేక పెట్టుకుంటే తప్పా?

డ్రైవర్ల బాధ నాకు తెలుసు. టీ తాగడానికి ఆపినా ఫోన్ వస్తుంది. అయినా వద్దు అన్నా. అది మీ లారీ దగ్గరే ఆగదు. 2012లో అమెరికాలో ఒక డ్రైవరు, కంపెనీకి తెలియకుండా తిరగడానికి పెట్టుకున్న జామర్ నెవార్క్ విమానాశ్రయంలో విమానాలను దింపే వ్యవస్థకు అడ్డుపడింది. 2013లో దాదాపు 32 వేల డాలర్ల జరిమానా పడింది. ఎన్‌హెచ్-16 మీద మీ వెనక అంబులెన్స్ మ్యాప్ చూసుకుంటూ వస్తుండొచ్చు. మన దేశంలో ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప జీపీఎస్ బ్లాకరు వాడడం, అమ్మడం నేరమని టెలికాం శాఖ 2022లోనే చెప్పింది.

టైమ్ కూడా తప్పుతుందంటున్నారు. దానితో మాకేం పని?

సెల్ టవర్లు, కరెంటు గ్రిడ్‌లోని పరికరాలు జీపీఎస్ నుంచి టైమ్ తీసుకుంటాయి. అది తప్పితే ఫోన్లు, కరెంటు మీద ప్రభావం పడొచ్చు. ఇది బోటు వాళ్లు ఆలోచించాల్సిన సంగతి కాదు, ఆ సంస్థలు వేరే గడియారాలు పెట్టుకోవాల్సిన సంగతి.

అనుమానం ఎవరికి చెప్పాలి? మన మాట ఎవరు వింటారు?

విమానాల వాళ్లు 10 నిమిషాల్లో చెప్పాలని విమానాల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2025 నవంబరులో ఆదేశించింది. బోట్లకు అలాంటి నియమం లేదు కాబట్టి మీరే కోస్ట్ గార్డ్‌కో, మెరైన్ పోలీసులకో చెప్పండి. "జీపీఎస్ పనిచేయలేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, నిజంగా ఎక్కడ ఉన్నారు, సెట్టు ఎక్కడ చూపింది, ఎంతసేపు, పక్క బోటుకూ అలాగే ఉందా అని చెప్పండి. ఉపగ్రహాల పేజీని ఫోన్‌తో ఫోటో తీయండి. నిషేధ హద్దు దగ్గర గొడవ వచ్చినా మీకు పనికొచ్చేది ఆ ఫోటోనే.

మా సెట్టు తెస్తే చూస్తారా?

చూస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఆపే రోజుల్లో తెస్తే నిదానంగా చూడొచ్చు. సెట్టు ఒక్కటే తేకండి, దాని యాంటెన్నా, వైరు, బ్యాటరీకి తగిలించే తీగతో సహా తెండి, జబ్బు చాలాసార్లు వాటిలోనే ఉంటుంది. బయలుదేరే ముందు అందులో దాచుకున్న పాయింట్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. డిగ్రీలు, నిమిషాల్లో ఉన్నాయా, దశాంశాల్లో ఉన్నాయా అన్నది పేజీ పైన రాయండి. సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కిస్తే కొన్ని సెట్లలో పాయింట్లు చెరిగిపోతాయి, నాన్న నాటి నుంచి కూడబెట్టిన పాయింట్లు నా బల్ల మీద పోవడం నాకు ఇష్టం లేదు.